బొబ్బర్లపేట ఎండ దొంగ

రోహిణీ కార్తెలో, రోళ్ళు పగిలే ఎండ కాస్తున్న బొబ్బర్లపేటలో, వజ్రమ్మ తన మేడ మీద ఆరబోసిన మామిడి తాండ్రలో వేలు పెడితే వేలు లోపలికి దిగిపోయింది.

అది జరగకూడని విషయం. ఉదయం తాటాకు చాప మీద పలచగా పోసిన మామిడి రసం సాయంత్రానికి బిగుసుకోవాలి. మర్నాడు దాని మీద ఇంకో పొర, ఆ మర్నాడు ఇంకొకటి. అలా వేసవంతా పొర మీద పొర పేరిస్తేనే తాండ్ర. వజ్రమ్మ ఇరవయ్యేళ్ళుగా ఇదే పని చేస్తోంది. ఈ కొద్ది వారాల తాండ్రే ఆ ఇంటికి ఏడాది తిండి. అలాంటిది మొదటి పొరే ఇంకా జిగురుగా ఉంది. మూల చాపలో బూజు కూడా కనిపించింది.

"నాగదుర్గా! రసంలో నీళ్ళు గానీ కలిపేవేంటే?" అని కోడల్ని కేకేసింది.

"నీళ్ళు కలపడానికి నేనేవన్నా పాలవాడినా అత్తయ్యా?" అంది నాగదుర్గ కిందినుంచి.

రసం మంచిదే. చాపలు పాతవే. మారింది ఎండ ఒక్కటే. వజ్రమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని నాలుగు వైపులా చూసింది. పిట్టగోడ అవతల, పక్క మేడ మీద, నల్లటి సోలార్ పలకలు వెల్లకిలా పడుకుని ఉదయపుటెండ తాగుతున్నాయి.

అవి రిటైరైన డ్రిల్లు మాస్టారు లోవరాజువి. శివరాత్రి వెళ్ళాక బిగించారు. వజ్రమ్మ లెక్క ఒక్క క్షణంలో తేలిపోయింది.

"మాస్టారూ! తాగినంత తాగేరు. నా వాటా నాకొదలండి."

పళ్ళు తోముకుంటున్న లోవరాజు వేపపుల్ల నోట్లోంచి తీశాడు. "ఏం తాగేను వజ్రమ్మగారూ? ఇంకా కాఫీ కూడా తాగలేదు."

"ఎండండీ, ఎండ! మీ పలకలు చుట్టుపక్కల ఎండంతా లాగేసుకుంటున్నాయి. నా తాండ్ర చూడండి, చంటిపిల్ల ముక్కులా ఎలా కారుతుందో!"

లోవరాజుకి కళ్ళనీళ్ళు తిరిగినంత పనైంది. ఆ పలకల వల్ల ఆయన పడని బాధ లేదు. కరెంటు పోయినా ఫ్యాను ఆగదన్న నమ్మకంతో పెట్టించుకున్నాడు. తీరా చూస్తే లైన్లో కరెంటు పోగానే పలకలు కూడా ఆగిపోతాయని తేలింది. "కరెంటున్నప్పుడే వచ్చే కరెంటు నాకెందుకయ్యా?" అని బిగించినవాళ్ళ మీద ఎగిరాడు. పౌర్ణమినాడు ఒక్క బల్బయినా వెలుగుతుందేమోనని మేడ మీద కూర్చుని దోమలతో కుట్టించుకున్నాడు. చివరికి బిల్లు తగ్గుతోంది కదా అని సర్దుకుంటే, ఇప్పుడు అదీ పోయింది.

"నా కరెంటే సగానికి పడిపోయిందమ్మా. ఈ మధ్యనే! ఎందుకా అని ఆలోచిస్తున్నాను. ఇప్పుడు అర్థమైంది. మేడంతా జిగటజిగటగా పరిచేస్తే ఎండ దానికే అతుక్కుపోదా? ఇక నా పలకల దాకా ఏం వస్తుంది?"

"అతుక్కుంటే నా తాండ్ర ఆరదా?"

"తాగేస్తే నా మీటరు తిరగదా?"

ఇద్దరిదీ న్యాయమైన ప్రశ్నే. ఎండ పోయింది, కానీ ఇద్దరి దగ్గరా లేదు. అందుకని ఇద్దరూ కలిసి ఆఫీసుకి బయల్దేరారు.

ఆఫీసు దూరమేం కాదు. వాళ్ళ ఇళ్ళకి పడమర పక్కన, సందు అవతలే. సౌర చైతన్య విభాగం, ఉపశాఖ. ఆ మధ్యనే అక్కడ 'ఇంటింటా సూర్యుడు' పక్షోత్సవాలు బ్యాండుమేళంతో మొదలయ్యాయి. పక్షం గడిచిపోయినా ఉత్సవాలు ఆగలేదు. ఆఫీసు కప్పు మీద ఇనుప చట్రానికి బిగించిన అమాత్యులవారి కటౌట్ మెయిన్ రోడ్డు వైపు తిరిగి చిరునవ్వు నవ్వుతోంది. ఎత్తిన కుడి అరచేతిలో, జిగేలుమనే రేకుతో చేసిన సూర్యబింబం. అల్లంత దూరాన బస్సులో వచ్చేవాళ్ళకి ముందు ఆ సూర్యుడు కనపడి, తర్వాత బొబ్బర్లపేట కనపడేది.

సహాయ సంచాలకులు పరాంకుశం ఫిర్యాదు శ్రద్ధగా విన్నాడు. తాండ్ర అన్న మాట వినగానే ఎందుకో ఒకసారి కిటికీ వైపు చూసి, తెర లాగేశాడు.

"సదరు ఎండ ఎప్పటినుంచి కనబడుట లేదు?"

"బూజొచ్చిందాకా నేను చూసుకోలేదండి."

"ఆనవాళ్ళు చెప్పండి."

"ఎండకి ఆనవాళ్ళేంటి బాబూ? వేడిగా ఉంటాది. పసుప్పచ్చగా ఉంటాది."

"రంగు పసుపు. రాసుకో అప్పలకొండా." గుమస్తా అప్పలకొండ రాసుకున్నాడు. "పోయేనాటికి ఎంత ఉంది?"

"మేడ నిండా ఉందండి."

"యాజమాన్య హక్కు పత్రం ఉందా?"

వజ్రమ్మ లోవరాజు వైపు చూసింది. లోవరాజు తన పలకల రసీదు తీశాడు. పరాంకుశం పెదవి విరిచాడు. "ఇది పలకలకి. ఎండకి ఏదీ? సరే, హక్కు నిర్ధారణ పెండింగులో ఉంచి, స్థల తనిఖీకి వస్తాను. ఒక్కటి గుర్తుంచుకోండి. ఈ విభాగం పరిధిలో సూర్యరశ్మి దుర్వినియోగాన్ని ఉపేక్షించే ప్రసక్తే లేదు."

మర్నాడు ఉదయం పదింటికి తనిఖీ. పరాంకుశం మేడ మీద అరచెయ్యి చాపి, కళ్ళు మూసుకుని, మళ్ళీ ముడుచుకున్నాడు. "ఎండ సక్రమముగా ఉన్నట్లు గుర్తించడమైనది."

"పొద్దుట ఉంటుందండి. ఆరవలసింది మధ్యాహ్నం. అప్పుడు రండి."

"అమ్మా, వడదెబ్బ నివారణ సర్క్యులరు ఉంది. పన్నెండు నుంచి నాలుగు దాకా సిబ్బంది ఎవరూ ఎండలోకి రాకూడదు."

"ఎండలోకి రాకపోతే ఎండ కేసు ఎలా తేలుస్తారు బాబూ?"

"ఉదయపు ఎండను నమూనాగా స్వీకరిస్తాం. మీరు మధ్యాహ్నం చూశారా?"

 వజ్రమ్మ చూడలేదు. లోవరాజూ చూడలేదు. వేసవిలో పన్నెండు దాటాక బొబ్బర్లపేటలో కుక్క కూడా అరుగు కింద నుంచి బయటికి రాదు. చాపలు పొద్దున పరిచి దిగిపోతారు. తలుపులు బిగించుకుని, తడి తువ్వాలు మొహం మీద వేసుకుని పడుకుంటారు. పొద్దు వాలాక మళ్ళీ ఎక్కుతారు. మధ్యలో ఎండ తన పని తాను చేసుకుంటుందని తాతల నాటి నమ్మకం.

పరాంకుశం మేడ మెట్ల మీద ఆగి, గొంతు తగ్గించి తన సిద్ధాంతం చెప్పాడు. "గమనించండి. అధికారులు ఉన్నంతసేపు ఎండ ఉంది. అధికారులు వెళ్ళాక పోతోంది. అంటే ఏమిటి? దొంగకి మా రాకపోకలు తెలుసు. సర్క్యులరు కూడా తెలుసు."

"అయితే దొంగ లోపలోడేనాండీ?" అన్నాడు అప్పలకొండ.

పరాంకుశానికి పొలమారింది. మంచినీళ్ళు తాగాక, "ఉత్తర్వులు తయారు చెయ్యి" అన్నాడు.

మొదటి ఉత్తర్వు లోవరాజు మీద. పలకలు అదనంగా పీల్చిన ఎండను కక్కించుటకై మధ్యాహ్న వేళల్లో వాటిని టార్పాలిన్‌తో కప్పి ఉంచవలెను. లోవరాజు కప్పాడు. పలకలేమీ కక్కలేదు. తాండ్ర ఆరలేదు. పైగా ఆ వార్త ఊళ్ళోకి పాకింది.

ఇక ఆఫీసు ముందు జనం వరస కట్టారు. సోలార్ పలకలు వచ్చినప్పటినుంచి తన గేదె పాలు తగ్గించిందని ఒకాయన. పలకలు ఎండలోని బలం తీసేసి పిప్పి మాత్రమే వదులుతున్నాయని, అందుకే తన జుట్టు రాలిపోతోందని ఇంకొకాయన. ఆయనకి అరవై దాటాయి. పలకలు పిడుగుల్ని పిలుస్తాయని ఒకరంటే, మబ్బుల్ని తరిమేస్తాయని పక్కనున్నాయన అన్నాడు. ఇద్దరి అర్జీలూ ఒకే ఫైలులో పెట్టారు. చేపలు ఎండబెట్టుకునే సింహాచలమ్మ మాత్రం, "పలకలుంటే పిల్లులు రావంట కదండీ, నాకోటి ఇప్పించండి" అని అడిగింది.

పరాంకుశం ఆ రద్దీని చూసి కుంగిపోలేదు, పెరిగిపోయాడు. ఎండ ఇంత విలువైన వనరని ప్రజలు గుర్తించడమే పక్షోత్సవాల విజయమని పైకి నివేదిక పంపాడు. రెండో ఉత్తర్వు వచ్చింది. పలకలే కాదు, ఎండ వాడుకునే ఎవరైనా సౌర వినియోగదారులే. వడియాలు, అప్పడాలు, ఊరగాయ ముక్కలు, మిరపకాయలు, ఉతికిన బట్టలు, తల ఆరబెట్టుకునే ఆడవాళ్ళు, అందరూ వంతుల ప్రకారం ఎండ వాడుకోవలెను. తూర్పు వీధికి సోమ, గురు. పడమర వీధికి మంగళ, శుక్ర. పండగ రోజుల్లో దేవుడి పట్టుబట్టలకి మినహాయింపు.

వజ్రమ్మకి విడిగా నోటీసు వచ్చింది. అందులో ఆమె భారీ వినియోగదారు. ఆమె మేడ 'ఎండరహిత ప్రాంతము'గా ప్రకటించబడినది. విచారణ పూర్తయ్యే వరకు అక్కడ ఎండ లేనట్లే పరిగణించవలెను.

నోటీసు పట్టుకుని లోవరాజు ఇంటికి వెళ్ళింది. "దొంగని పట్టుకోమంటే నన్ను దొంగని చేసేరు మాస్టారూ."

"నన్ను మీరు చెయ్యలేదా?"

వజ్రమ్మ నోటీసు మడిచింది. "చేసేను. తప్పే. కాఫీ ఇప్పిస్తారా?"

ఆ కాఫీతో రాజీ కుదిరింది. కానీ తాండ్ర రాజీ పడదు. మామిడి ఎండ కోసం ఆగదు, వాన తాండ్ర కోసం ఆగదు. ఋతుపవనాలు కేరళ దాకా వచ్చేశాయని టీవీలో చెప్పేశారు కూడా. తొలకరి పడిందంటే చాపలన్నీ కాలవలో పారెయ్యాల్సిందే.

ఈ గొడవ పేపరు దాకా పోకుండా పరాంకుశం మూడో అస్త్రం తీశాడు. దాని పేరు 'ప్రత్యామ్నాయ ఎండ సరఫరా పథకం'. పెళ్ళిళ్ళకి సామాను అద్దెకిచ్చే షాపు నుంచి పెద్దపెద్ద ఫోకస్ లైట్లు తెప్పించి, సగం తాండ్ర వైపు, సగం పలకల వైపు తిప్పించాడు. పలకల కరెంటుతో లైట్లు వెలుగుతాయి. ఆ లైట్ల వెలుగుకి పలకలు మళ్ళీ కరెంటిస్తాయి. ఊరి కరెంటు కలిస్తే పథకం స్వయంసమృద్ధం కాదని ఆ తీగ తీయించేశాడు.

"ఇకపై సూర్యునిపై ఆధారపడవలసిన దుస్థితి ఉండదు" అని ప్రకటించాడు. ఎండ చల్లబడి, పొద్దు పూర్తిగా గూకాక ప్రారంభోత్సవం. రిబ్బను కత్తిరించి స్విచ్చి నొక్కాడు. ఏమీ వెలగలేదు.

లోవరాజు చెయ్యెత్తాడు. "సార్, ముందు ఎవరు మొదలెట్టాలి?"

"ఏమిటి?"

"లైటు వెలగాలంటే పలక ఇవ్వాలి. పలక ఇవ్వాలంటే లైటు వెలగాలి. రెండూ ఒకదాని మొహం ఒకటి చూసుకుంటున్నాయి."

పరాంకుశం ఆలోచించాడు. "అది సమన్వయ లోపం. మెమో ఇస్తాను."

"ఎవరికండీ?"

"రెండింటికీ."

మర్నాడు ఆగ్నేయాన మబ్బు కనిపించింది. చిన్నదే, బూడిదగుమ్మడికాయంత.  వజ్రమ్మ భోజనం ముందు కూర్చుంది. కంచం పక్కకి నెట్టి లేచింది.

"నాగదుర్గా, గొడుగియ్యి. మేడెక్కుతాను."

"ఇప్పుడా! మాడిపోతారత్తయ్యా!"

"నా తాండ్ర మాడకుండానే పోతుంటే నేను మాడితే ఎంత?"

వీధిలో మనుషులు లేరు. గాలి నిప్పులా కొడుతోంది. లోవరాజుని కేకేసింది. ఆయన తల మీద తడి తువ్వాలు వేసుకుని పక్క మేడెక్కాడు. వజ్రమ్మ ఆఖరి మెట్టు దగ్గర చెప్పులు బిగించుకుని, కాళ్ళు కాలతాయని పళ్ళు బిగబట్టి, గచ్చు మీద అడుగు పెట్టింది.

చల్లగా ఉంది.

గొడుగు ముడిచింది. అప్పటికీ చల్లగానే ఉంది. ఊరంతా పెనంలా కాలుతుంటే ఆమె మేడ, లోవరాజు మేడ మాత్రం వేపచెట్టు కిందలా హాయిగా ఉన్నాయి.

"మాస్టారూ, ఇంత సుఖం ఇన్నాళ్ళూ ఎవరనుభవిస్తున్నారండీ?"

 లోవరాజు నోరు తెరుచుకుని గచ్చు మీద పరుచుకున్న నీడ వైపు చూస్తున్నాడు. ఆ నీడకి తల ఉంది. భుజాల మీద కండువా ఉంది. ఎత్తిన చెయ్యి ఉంది. ఆ చేతిలో గుండ్రంగా పళ్ళెమంత నీడ ఉంది. నడుం దాకా తాండ్ర చాపల మీద, నడుం నుంచి పైకి సోలార్ పలకల మీద పడుకుంది.

ఇద్దరూ మెల్లగా తలలెత్తి పడమటి వైపు చూశారు. సందు అవతల, ఆఫీసు కప్పు మీద, అమాత్యులవారి వీపు.

వజ్రమ్మ కిందికి దిగి, ముగ్గు డబ్బా పట్టుకుని మళ్ళీ పైకొచ్చింది. శవం చుట్టూ పోలీసులు గీత గీసినట్టు, ఆ నీడ చుట్టూ ముగ్గు గీత లాక్కుంటూ పోయింది. పిట్టగోడ దగ్గర డబ్బా లోవరాజు అందుకుని, భుజాలూ తలా ఆయన గీశాడు. చెవుల దగ్గర కాస్త తేడా వచ్చింది గానీ కండువా మాత్రం అచ్చు దిగింది.

తర్వాత ఇద్దరూ ఆఫీసుకి నడిచారు. పరాంకుశం ఫ్యాను కింద పుచ్చకాయ ముక్కలు తింటున్నాడు.

"తమరు ఒకసారి మా మేడ మీదికి రావాలండి. ఇప్పుడే."

"ఇప్పుడా? అమ్మా, సర్క్యులరు..."

"సర్క్యులర్లో ఏవుందండి? ఎండలోకి రాకూడదని కదా?" వజ్రమ్మ నోటీసు విప్పి ఆయన ముందు పెట్టింది. "మా మేడ మీద ఎండ లేదని తమరే సంతకం పెట్టేరు. ఎండరహిత ప్రాంతం. మరి రావడానికి ఇబ్బందేంటి?"

పరాంకుశం నోటీసు చదివాడు. తిప్పి చదివాడు. వెనకవైపు ఏమన్నా ఉందేమోనని చూశాడు. తన ముప్పయ్యేళ్ళ సర్వీసులో తన ఉత్తర్వు తనకే ఇంత స్పష్టంగా ఎప్పుడూ అర్థం కాలేదు.

"సందు దాటడానికి ఎండ ఉంటుందిగా" అన్నాడు నీరసంగా.

"గొడుగు తెచ్చేనండి."

అలా సహాయ సంచాలకులు గొడుగు కింద సందు దాటి, మెట్లెక్కి, ముగ్గు గీతల మధ్య నిలబడ్డాడు. వెనక అప్పలకొండ, నాగదుర్గ. నీడ కాస్త తూర్పుకి జరిగింది గానీ గీతకీ నీడకీ పోలిక మాత్రం తప్పలేదు. 

"ఇదెవరి నీడండీ?" అని వజ్రమ్మ అడిగింది.

అప్పలకొండ చెప్పులు చూసుకున్నాడు. పరాంకుశం ఆకాశం చూశాడు. అక్కడ మబ్బు గుమ్మడికాయ నుంచి గుమ్మడిపాదు అయింది.

"బాబూ," అంది వజ్రమ్మ, ఈసారి కోపం లేకుండా. "వానొచ్చేస్తుంది. ఈ రెండు మూడు మధ్యాహ్నాలూ నాకు దక్కితే తాండ్ర గట్టెక్కుతుంది. లేకపోతే ఏడాదంతా ఈ ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుతుందో తమరే ఓ ఉత్తర్వివ్వండి."

పరాంకుశం వంగి చాప మీద తాండ్రలో వేలు పెట్టాడు. వేలు లోపలికి దిగింది. తీసి, ఏం చెయ్యాలో తోచక నాకాడు. బాగుంది. అది ఆయన్ని ఇంకా బాధపెట్టింది.

"అప్పలకొండా, కటౌట్ కట్టినవాళ్ళని పిలు. దింపమను."

"ఇప్పుడాండీ? పన్నెండు దాటింది. సర్క్యులరు..."

"పొద్దుట పిలిస్తే ఏమంటారు? నీడే లేదు కదా, ఎందుకు దింపాలంటారు. నీడున్నప్పుడు పనికి రాకూడదు. పనికొచ్చినప్పుడు నీడుండదు. ఈ దారిలో ఆ బొమ్మ శాశ్వతంగా ఉండిపోతుంది. పిలు. నా బాధ్యత."

అప్పలకొండ పరుగెత్తాడు. పరాంకుశం పిట్టగోడ మీద కూలబడి, మాట్లాడటం మొదలుపెట్టాడు.

"పై విషయమై నా వాంగ్మూలం ఏమనగా... అక్కర్లేదు. మామూలుగానే చెప్తాను. మంజూరైంది ఇరవై అడుగుల బొమ్మండి. పక్క మండలంవాళ్ళు ముప్పై పెట్టారని తెలిసింది. నేను అరవై పెట్టించాను. ఆయన వచ్చి, కారు దిగకుండానే తలెత్తి చూసి 'బాగుంది' అన్నారు. ఆ ఒక్క మాటకి నాకు వారం నిద్ర పట్టలేదు, సంతోషంతో. మీరు తాండ్ర ఆరడం లేదంటూ వచ్చిన రోజే నాకు అనుమానం వచ్చింది. మర్నాడు మధ్యాహ్నం కిటికీ తెర కొంచెం తీసి చూశాను. నీడ సరిగ్గా మీ మేడ మీద ఉంది. తెర వేసేశాను. ఏం రాయమంటారు చెప్పండి? ఎండకి మా దగ్గర ఫైలుంది. పలకలకి ఉంది. గేదె పాలకి కూడా ఇప్పుడు తెరిచాం. ఆయన నీడ మనుషుల మీద చల్లగా ఉండాలని రాయడానికి ఫైలుంది గానీ, పడిందని రాయడానికి లేదు. అందుకని దొంగని వెతకడం మొదలెట్టాను. వెతుకుతుంటే నాకే నిజంగా దొంగ ఉన్నాడేమో అనిపించింది. లైట్లు పెట్టించిన రోజైతే వాడు దొరికిపోతాడని గట్టిగా నమ్మాను."

సందు అవతల ఇనుప చట్రం కిర్రుమంది. మనుషులు పైకెక్కి ముందుగా అరచేతిలోని రేకు సూర్యబింబం బోల్టులు విప్పారు. అది తాడు మీద ఊగుతూ కిందికి దిగింది. అది ఉన్నచోట గుండ్రంగా ఖాళీ ఏర్పడింది. ఆ ఖాళీలోంచి అసలు ఎండ ఒక్కసారిగా దూకి, పిట్టగోడ అవతల, మాస్టారి మేడ మీద పళ్ళెమంత వెలుగై పడింది. నాగదుర్గ పరుగున ఓ చాప ఎత్తి, పిట్టగోడ దాటించి ఆ వెలుగులో సరిగ్గా పరిచింది. లోవరాజు తన టార్పాలిన్ పీకి పారేశాడు.

పరాంకుశం ఆ వెలుగు వంక చూస్తూ చెయ్యి చాపాడు. కాలింది. వెనక్కి తీసుకోలేదు.

"రాసుకోవడానికి ఎవరూ లేరు గానీ, వినండి వజ్రమ్మగారూ. మీ ఎండ ఎత్తుకుపోయింది మాస్టారూ కాదు, పలకలూ కాదు. సూర్యుడంటే ఏమిటో జనానికి తెలియజెప్పాలని, సూర్యుడికి అడ్డంగా ఓ రేకు సూర్యుణ్ణి నిలబెట్టింది నేనేనండి."